వెనక కాలు ఎటుంటే అటు

"పల్లవీ! మళ్లీ అటే తిరిగినావు!"

రూబీ కేక పూర్తయ్యేలోపే పల్లవి మోచెయ్యి వెనకున్న అమ్మాయి ముక్కుకు తగిలింది.

మార్కాపురం స్టేషన్ రోడ్డులో మేడ మీద గది. గోడ పొడవునా ఇనుప కమ్మీ. దాన్ని పట్టుకుని పదకొండు మంది ఆడపిల్లలు. బెంగళూరులో రెండేళ్లు బ్యాలే డాన్సు నేర్చుకుని వచ్చి రూబీ పెట్టిన క్లాసు అది.

ఒక కాలు ముందు, ఒకటి వెనక పెట్టి, మునివేళ్ల మీద లేచి, ఉన్నచోటనే వెనక్కి తిరగాలి. అంతే పాఠం. పది మందికి వచ్చింది. పల్లవికి మూడు వారాలైనా రాలేదు. కుడి అంటే ఎడమకి, ఎడమ అంటే కుడికి.

"తప్పు ఆ పాపది కాదమ్మా. నువ్వు చెప్పేదాంట్లో ఉంది."

గుమ్మంలో ఒక ముసలామె. కింది వాటాలోకి ఈమధ్యే వచ్చిన మనిషి. ఆయాసపడుతూ, మెట్టు మెట్టుకీ ఆగుతూ రోజూ ఎక్కి వస్తుంది.

పిల్లలు కిసుక్కున నవ్వారు. రూబీకి ఒళ్లు మండింది.

"అవ్వా, ఇది కోలాటం కాదు. నీకు తెలియదు. కిందికి పో."

ముసలామె గోడ పట్టుకుని దిగిపోయింది.

సాయంత్రం పల్లవి తల్లి నాగమల్లేశ్వరి వచ్చింది.

"పాపను మాన్పించక్కా. స్టేజీ ప్రోగ్రాంకి పనికిరాదు," అంది రూబీ.

"ఇంట్లో నిద్రలో కూడా అడుగులు లెక్కపెడతాది మేడం. శనివారం దాకా చూడు."

"సరే. శనివారమే ఆఖరు."

శనివారం పల్లవి కమ్మీ పట్టుకుంది. లేచింది. తిరిగింది. చెయ్యి మార్చి మళ్లీ తిరిగింది. పదిసార్లు చేస్తే పదిసార్లూ సరిగ్గానే.

రూబీ ఫోన్‌లో వీడియో తీసి బెంగళూరులోని తన టీచర్ ఫిలోమినా మేడంకి పంపింది.

"ఎట్ల వచ్చిందే నీకు?" అని పల్లవిని అడిగింది.

"కిందవ్వ నేర్పించింది మేడం. కుడీ ఎడమా మర్చిపో, ఏ కాలు వెనకుంటే అటే తిరుగు అని చెప్పింది. మెట్ల కమ్మీ పట్టించి చేపించింది."

పిల్లలు వెళ్లాక రూబీ ఒక్కతే చేసి చూసుకుంది. ఎటు నిలబడినా ఆ మాట తప్పడం లేదు.

సోమవారం క్లాసుకు ముందు ఆమెను పైకి పిలుద్దామని కిందికి వెళ్లింది. గదికి తాళం. ఇంటాయన తిమోతి వరండాలో ఉన్నాడు.

"అవ్వ ఏదీ, అన్నా?"

"రాహేలత్తా? నిన్న పొద్దున పోయిందమ్మా. గుండె జబ్బు. చూపిద్దామని గిద్దలూరు నుంచి తెచ్చినాను. అక్కడికే తీసకపోయి మట్టి చేసినాం."

"పిల్లలెవరూ లేరా?"

"పెళ్లే లేదు. చిన్నప్పుడే సర్కసోళ్లతో పోయిందని మా నాయన చచ్చేదాకా ఇంటి గడప తొక్కనీలేదు."

రూబీ పైకి వచ్చేసింది.

పిల్లలు వరసలో నిలబడుతుండగా ఫోన్ మోగింది. ఫిలోమినా మేడం.

"వీడియో చూశాను రూబీ. ఆ చిన్నపాప తిరగడం బాగుంది. నువ్వేనా నేర్పింది?"

"కాదు మేడం. కింద ఒకామె ఉండేది, రాహేలు అని. సర్కస్‌లో చేసిందంట."



"గిద్దలూరు రాహేలేనా? రూబీ, ఆమె కాళ్లకు నా బదులు దండం పెట్టు. నాకు ఎనిమిదేళ్లప్పుడు సర్కస్ డేరాలో నా చేత కమ్మీ పట్టించి బ్యాలే నేర్పిన నా గురువు ఆమె."