మర మూతి దగ్గర డబ్బా

గెడ్డ పొంగి జ్ఞానాపురం వీధుల్లో నడుంలోతు నీళ్లు నిలిచిన ఏడాది అది.

ఫిషింగ్ హార్బర్ పక్కన ఒక ఐసు ఫ్యాక్టరీ. ఐసు దిమ్మలను పొడి చేసే మర బయట వసారాలో ఉంటుంది. దాని బటన్ గోడ అవతల గదిలో ఉంటుంది.

నొక్కేవాడికి మర కనిపించదు. మర దగ్గరున్నవాడికి బటన్ కనిపించదు.

రెండూ కనిపించే చోటు ఒక్కటే. గది గడప.

బటన్ నొక్కితే మరకు కరెంటు కలిపే పెద్ద కాంటాక్టరు ‘ధడ్’మని పడేది. లోపలి అయస్కాంతం ఇనుప దిమ్మను లాక్కుని కొట్టుకునే దెబ్బ అది. గోడ అదిరేది. స్క్రూలు వదులయ్యేవి. వేట బాగా పడిన రోజునే ఏదో ఒకటి మాడి మర ఆగిపోయేది.

షావుకారు విసిగిపోయి ఫిట్టర్ జయంత్‌ని పిలిపించాడు.

జయంత్ కొత్త కాంటాక్టరు పెట్టాడు. దానికో చిన్న ఎలక్ట్రానిక్ కార్డు తగిలించాడు. ఇనుము అంటుకోబోయే ముందు అయస్కాంతం లాగుడు తగ్గిస్తుందట. కింద రబ్బరు కూడా వేశాడు.

ఇప్పుడు బటన్ నొక్కితే పిల్లి నడిచినట్టే.

“సెవులు బతికేయి బావా!” అన్నాడు ఆపరేటర్ దుర్గారావు.

“నీ సెవులు బతికేయి. నాకు మర తిరిగేదాకా తెలట్లేదు,” అన్నాడు మరలో దిమ్మలు వేసే నరేష్.

ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ వారంలోనే ఒక ముసలాయన వచ్చాడు. మాసిన ఖాకీ చొక్కా. చేతిలో తుప్పు పట్టిన నూనె డబ్బా, ఒక బోల్టు. ఎవరినీ అడగకుండా గడప మీద కూర్చున్నాడు.

దుర్గారావు చెయ్యి బటన్ మీదకు వెళ్లబోతుంటే బోల్టుతో డబ్బా మీద కొట్టాడు.

ధడ్!

దుర్గారావు ఉలిక్కిపడ్డాడు.

“ఏటి తాతా? ఏటిది?”

“సేతులుంటాయి బాబూ.”

బోల్టు పట్టుకుని మళ్లీ బటన్ వైపు తిరిగాడు.

మర్నాడూ వచ్చాడు. ఆ మర్నాడూ వచ్చాడు. చేపల తొట్టెలోకి ఐసు పట్టుకోవడానికి వచ్చిన తవిటమ్మ ఆగి చూసింది.

“ఏటి ముసిలోడా, జాతరకి డప్పు దొరకనేదేటి నీకు?”

అందరూ నవ్వారు. ముసలాయన బటన్ మీద నుంచి చూపు తిప్పలేదు. తవిటమ్మే పోయి ఆయనకు టీ తెచ్చి పెట్టింది.

డబ్బా మోగినప్పుడల్లా నరేష్ మర మూతిలోంచి చెయ్యి తీసేవాడు. తీస్తున్నట్టు అతనికే తెలియదు. పాత కాంటాక్టరు దెబ్బ పడ్డాక, వదులు బెల్టు అందుకుని పళ్లు తిరిగేలోగా ఒక రెప్పపాటు ఉండేది. అన్నేళ్లూ ఆ రెప్పపాటులోనే చెయ్యి తీశాడు.

ఒకరోజు షావుకారు ఆఫీసులోంచి కేకలేస్తూ వచ్చాడు.

“అంత కరుసు పెట్టి సౌండు తీయించేను. ఈడెవడ్రా మళ్లీ కొడతన్నాడు? గెంటీ! ఈడు ఇక్కడుంటే నువ్వుండవు.”

దుర్గారావు డబ్బా లాక్కుని ఉప్పు బస్తాల వెనక్కి విసిరేశాడు.

“ఎల్లిపో తాతా. నా కూడు పోతాది.”

ముసలాయన లేచాడు. గడప దిగి ఆగాడు.

“అయితే నువ్వు కేకెయ్యి బాబూ. నొక్కే ముందు. నొక్కినప్పుడల్లా.”

“ఏత్తాన్లే. ఎల్లు.”

దుర్గారావు ఆ పూటంతా కేకేశాడు. మర్నాడు సగం మర్చిపోయాడు. ఆ తర్వాత మొత్తం మర్చిపోయాడు.

తుఫాను హెచ్చరికకి బోట్లన్నీ ఒక్కసారే ఒడ్డుకొచ్చిన ఉదయం. ఐసు కోసం జనం తోసుకుంటున్నారు. మరలో ఒక దిమ్మ అడ్డం పడింది. నరేష్ ఆపమంటే దుర్గారావు మర ఆపాడు. నరేష్ మూతిలో చెయ్యి పెట్టి దాన్ని కదుపుతున్నాడు.

“ఎంతసేపు? సేపలు పాడైపోతన్నాయి!” బయట ఎవరో అరిచారు.

దిమ్మ ఈపాటికి వచ్చేసి ఉంటుందనుకున్నాడు దుర్గారావు. బటన్ నొక్కాడు.

చప్పుడు లేదు.

తర్వాత నరేష్ కేక.

తవిటమ్మ తొట్టెలోకి ఐసు ఎర్రగా పడింది.

పెద్దాసుపత్రిలో నరేష్ కుడిచెయ్యి మోచేతి దాకా తీసేశారు. పోలీసులు వచ్చి వెళ్లారు. బోట్లకు ఐసు కావాలి. మర కడిగారు.

మర్నాడు పొద్దున్న స్విచ్చి చూడ్డానికి జయంత్ వచ్చాడు. దుర్గారావు బస్తాల వెనక నుంచి ఏదో తీస్తున్నాడు. జయంత్ దాన్ని చూసి ఆగిపోయాడు.

“ఆ డబ్బా... ఆయన ఇక్కడికీ వచ్చేడా?”

“ఎవులాయన?”

“నొక్కే ముందు మోగేలా బెల్లు పెట్టమని నాను షావుకారికి సెప్పేను బావా. మళ్లీ సౌండెందుకన్నాడు...”

“ఎవులాయనా అంటన్నాను.”

జయంత్ తల దించుకున్నాడు.

“అర్జునరావు గారు. మా గురువు. దెబ్బ నేకుండా కాంటాక్టరు పెట్టడం మాకందరికీ నేర్పింది ఆయనే. ఇప్పుడది ఎక్కడ పెట్టేరని తెలిసినా అక్కడికెళ్లి కూకుంటాడు. తరిమేదాకా ఉంటాడు.”

“ఎందుకు?”

“మొదటిది ఎలమంచిలి ఐసు ఫ్యాక్టరీలో పెట్టేడు. ఎంత మెత్తగా పడతందో సూద్దామని బటను తనే నొక్కేడు.”

“మర కాడ ఎవులున్నారు?”

“కొడుకు.”

దుర్గారావు డబ్బా ఎత్తుకుని గడప దగ్గరికి నడిచాడు. వసారాలో నరేష్ చోటికి వచ్చిన కొత్త మనిషి మర మూతిలో ఐసు సర్దుతున్నాడు. దుర్గారావు గడప మీద నిలబడి, ఆ మనిషి రెండు చేతులూ బయటకు కనిపించేదాకా డబ్బా కొడుతూనే ఉన్నాడు.