చూస్తున్నది ఒక్కరే

“నీ ఎడమ కాలి మేజోడు చిరిగింది.”

ఫోన్ తెర మీద ఆ మాటలు చూడగానే యీచెన్ కిందికి చూసుకుంది. లైవ్‌లో ఆమె నడుము దాకానే కనిపిస్తుంది. మేజోడు మాత్రం నిజంగానే చిరిగింది.

హాంగ్‌జౌ నగరంలోని గోదాములో ఆ రాత్రి ఒంటరిగా నిలబడి ఫోన్ లైవ్‌లో ఉన్ని కోట్లు అమ్ముతోందామె. రోజూ చివరిదాకా చూసేది పేరు చెప్పని ఆ ఒక్కరే. ఆ ఒక్కరూ వెళ్లిపోతే ఆమెను పని మానిపించేస్తానన్నాడు యజమాని.

“ఈ కోటు చాలా వెచ్చగా ఉంటుంది,” అంది వణుకుతూ.

కొన్ని క్షణాలకు, వేలాడుతున్న కోట్ల వెనక నుంచి ఆమె గొంతే పలికింది. “ఈ కోటు చాలా వెచ్చగా ఉంటుంది.”

 

చేతికందిన ఇస్త్రీపెట్టె ఎత్తిపట్టుకుని కోట్లను పక్కకు లాగింది. స్టూలు మీద ముడుచుకుని కూర్చున్నాడు, పగలు ఆ పెట్టెతోనే కోట్లు ఇస్త్రీ చేసే ముసలాయన. చేతిలో ఫోన్, అందులో కాస్త ఆలస్యంగా మాట్లాడుతున్న యీచెన్.

“కొట్టకు తల్లీ. ఎవరూ చూడకపోతే నిన్ను తీసేస్తారటగా. అందుకే నీకు తెలియకుండా రోజూ ఇక్కడ కూర్చుని చూస్తున్నా. కాళ్లకి చలేస్తుందేమోనని రాశాను, అంతే.”

ఇస్త్రీపెట్టె దింపి, యీచెన్ గోడకు చేరగిలబడింది. నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి.

“ప్రాణం తీశావు కదయ్యా, గెంగ్ బాబాయ్.”