ఆరో ప్రశ్న

రత్న గుమ్మడి చిగుళ్లకు నార తీస్తోంది. ఊరికే కూర్చోలేక రవిబాబు కూడా ఒక కాడ అందుకున్నాడు.

కొండ ఇళ్లలో ఏం తింటారో రాసుకెళ్లడం అతని ఉద్యోగం. సాలూరు నుంచి నెలకు రెండుసార్లు వస్తాడు. ఈ ఇంట్లో ఎప్పుడూ అవే జవాబులు. చోడి అంబలి, సామ అన్నం, ఆకుకూర. ఆరో ప్రశ్న, మాంసం ఎప్పుడు?

"సుట్టాలొస్తేనే కోడి. ఇంటోళ్లకి ఆకులే," అంది రత్న మొదటిరోజు. అలాగే రాసుకున్నాడు.

ఇవాళ కాగితాలు తేలేదు. పోయినసారి వచ్చినప్పుడు రత్నను ఇమ్మని వాళ్లమ్మ ముత్యాలమ్మను అడిగాడు. జవాబు కోసం వచ్చాడు. అదే మాట అడిగిన పెదబయలు మంగరాజు కూడా అరుగు చివర కూర్చుని ఉన్నాడు. రెండెకరాల కాఫీ తోట ఉన్నవాడు.

"మీ అమ్మ ఏటంది?" గొంతు తగ్గించి అడిగాడు రవిబాబు.

"అమ్మ నోటితో సెప్పదు. బువ్వకాడ తెలుస్తాది."

"నీకు తెలీదేటి?"

"నార సరిగ్గా తియ్యి ఆపీసరు బాబూ. తర్వాత గొంతుకి అడ్డం పడేది నీకే," నవ్వింది రత్న.

లోపల కోడికూర ఉడుకుతున్న వాసన వచ్చింది. ఆ కోడి తన కోసమేనేమోనని రవిబాబుకు ఆశ పుట్టింది.

మధ్యాహ్నం ముత్యాలమ్మ లోపల ఇద్దరికీ అడ్డాకు విస్తళ్లు వేసింది. మంగరాజు విస్తట్లో కోడికూర, పైన కాలు ముక్క. రవిబాబు ముందు అంబలి దొన్నె, అతను నార తీసిన చిగుళ్ల కూర.

తోట ఉన్నవాడికి కాలు ముక్క, కాగితాలు మోసేవాడికి ఆకులు. రవిబాబు లేచి పోదామనుకున్నాడు. కానీ పెద్దావిడ ఎదురుగా నిలబడి ఉంది. తల వంచుకుని అంబలి గుక్కెడు తాగాడు.

తల ఎత్తేసరికి మంగరాజు ఇంకా చెయ్యి పెట్టలేదు. ఒకసారి తన విస్తరి చూసుకున్నాడు. ఒకసారి రవిబాబు విస్తరి చూశాడు. అతని ముఖం నల్లబడింది. ఉప్పు ఎక్కువైందా అంటే, ఇంకా రుచే చూడలేదు కదా!

"తిను బాబూ," అంది ముత్యాలమ్మ మెత్తగా. "సుట్టానివి కదా."

మంగరాజు ముక్క ముట్టకుండా లేచి గడప దాటాడు.