మూడో వరుసలో పెద్దావిడ

టైర్ల షాపాయన నంబరు అట్ట పైకెత్తబోతుంటే పక్క కుర్చీలోని పెద్దావిడ ఆయన మణికట్టు పట్టుకుంది.

"తొందరపడకు నాయనా," అంది మెల్లగా.

ఆయన ఉలిక్కిపడి చెయ్యి లాక్కున్నాడు. ఆవిడెవరో ఆయనకు తెలియదు.

ఓడ ఎక్కి అది ఐదో రోజు. నాలుగో అంతస్తు హాల్లో బొమ్మల వేలం జరుగుతోంది. వచ్చినవాళ్లందరి చేతికీ తలుపు దగ్గరే ఉచితంగా ఒక గ్లాసు వైను ఇచ్చారు. అది ఖాళీ అయ్యేలోపు ఇంకొకటి వస్తోంది.

వేదిక మీద వేలంపాట నడిపించే యువకుడిది కంచుగంట లాంటి గొంతు. ఓడలో అందరూ అతన్ని పాటగాడనే పిలుస్తున్నారు.

పాటకు పెట్టిన బొమ్మలో ఒడ్డున కట్టేసిన పడవ, నీళ్ల మీద పసుపు వెలుగు. మొదటి రోజే షాపాయన భార్య దాని ముందు చాలాసేపు నిలబడింది.

"బాగుంది కదండీ," అంది.

ముప్పై ఏళ్ల కాపురంలో ఆవిడ నోరు తెరిచి ఫలానాది కావాలని అడిగింది లేదు. బాగుందంటే అడిగినట్టేనని ఆయనకు తెలుసు. ఈ ప్రయాణం కూడా ఆవిడ కోసమే పెట్టుకున్నాడు.

పెద్దావిడ మళ్లీ ఆయన వైపు వంగింది. ఇది చేత్తో వేసిన బొమ్మ కాదని, అచ్చు గుడ్డని చెప్పింది. విలువ ఇంతని రాసిచ్చే కాగితం కూడా అమ్మేవాళ్లదేనంది. ఒడ్డుకు చేరాక నాలుగు చోట్ల వాకబు చేసి, అప్పటికీ మనసైతే కొనుక్కోమంది.

"ఇలాంటిది ఇదొక్కటే ఉందంటున్నాడుగా," అన్నాడు ఆయన.

"మొన్న కూడా ఇదే పడవ అమ్మాడు నాయనా. నేను ఈ కుర్చీలోనే ఉన్నాను."

ఆయనకు ఎక్కడలేని అనుమానం వచ్చింది. పోటీ తగ్గించి తనే చవగ్గా కొట్టేయాలని చూస్తోందనుకున్నాడు.

"మీకంత కావాలనుంటే మీరూ పాడుకోండి. నన్ను వదిలేయండి," అన్నాడు, చుట్టూ ఉన్నవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా.

భార్య ఆయన మోచేతి మీద చెయ్యి వేసింది.

పెద్దావిడ నొచ్చుకోలేదు. "నాకు పాడే గొంతు లేదులే," అని నవ్వి, తన బూడిదరంగు స్వెటరు సర్దుకుని కూర్చుంది.

షాపాయన అట్ట పైకెత్తాడు. పాటగాడు ఒక్కసారి మూడో వరుస వైపు చూసి చూపు తిప్పుకున్నాడు. మరుక్షణం సుత్తి బల్ల మీద పడింది. చప్పట్లు మోగాయి. షాపాయన తన భార్య ముఖంలోకి చూశాడు. ఆవిడ కళ్లల్లో నీళ్లు నిండాయి. ఎవరేమన్నా తాను మంచి పనే చేశానని ఆయన అనుకున్నాడు.

ఇంటికొచ్చాక ఆ బొమ్మను ఫ్రేములు కట్టే దుకాణానికి పట్టుకెళ్లారు. దుకాణదారు దాన్ని కిటికీ దగ్గర పెట్టి, భూతద్దం షాపాయన చేతికిచ్చాడు. పడవంతా సన్నటి చుక్కలు. గుడ్డ మీద అచ్చు వేసి, కుంచె గీతల్లా కనిపించేందుకు పైన రంగులేని జిగురు పూశారని దుకాణదారు చెప్పాడు. ఈ ఏడాది తన దగ్గరికి వచ్చిన ఇలాంటి పడవల్లో ఇది మూడోదట.

"పాత టైరుకు పైపొర వేసి కొత్తదని అంటగట్టినట్టు," అన్నాడు షాపాయన. ఆ మోసాన్ని ఆయన రోడ్డుకు అవతలి నుంచే పట్టేయగలడు.

ఇంటికి రాగానే భార్య మేకు కొట్టించి, బొమ్మను హాల్లో తగిలించింది.

"నాకు నచ్చింది పడవండీ. అది మారిపోలేదుగా," అంది.

ఆ మాటతో ఆయనకు సగం బరువు దిగింది. మిగతా సగం ఆ పెద్దావిడది. ఆ ముసలి ప్రాణాన్ని అందరి ముందూ అంత మాట అన్నందుకు నిద్రలో కూడా సిగ్గేసేది.

చివరికి ఓడ కంపెనీకి ఉత్తరం రాశాడు. బొమ్మ సంగతి రెండు ముక్కల్లో తేల్చేసి, మిగతాదంతా ఆవిడ గురించే రాశాడు. మూడో వరుసలో, బూడిదరంగు స్వెటరుతో కూర్చున్న పెద్దావిడ చిరునామా ఇప్పిస్తే క్షమాపణ చెప్పుకుంటానన్నాడు.

పాట ముగిశాక సరుకు వెనక్కి తీసుకునేది లేదని, ప్రయాణికుల చిరునామాలు బయటికివ్వడం కుదరదని జవాబొచ్చింది.

నెల తర్వాత ఒక మధ్యాహ్నం, భార్య భోజనం తెచ్చిన వేళకు షాపులో ఫోను మోగింది. షాపాయన స్పీకరు నొక్కాడు. మొదటి మాటకే ఇద్దరూ ఆ గొంతు గుర్తుపట్టారు. ఇప్పుడు దాన్లో గంట మోగడం లేదు.

తను ఆ పని మానేసి ఓడ దిగిపోయానని పాటగాడు చెప్పాడు. కంపెనీకి వాళ్లు రాసిన ఉత్తరం ఓడలో ఉండగానే తన చేతికి వచ్చిందని, షాపు నంబరున్న ఆ కాగితం ఇంకా తన దగ్గరే ఉందని అన్నాడు.

"ఆవిడ ఇంకేమైనా అన్నారా సార్?" అని అడిగాడు.

షాపాయన భార్య ఫోను అందుకుంది. వేలం మర్నాడు పొద్దున ఓడలో ఆ పెద్దావిడ తనను వెతుక్కుంటూ వచ్చిందని చెప్పింది. నేను ముందే అన్నానుగా అని దెప్పలేదట. ఎండ తగలని గోడకు తగిలించుకో తల్లీ, రంగు వెలిసిపోతుంది అని మాత్రం చెప్పిందట.

"ఏమీ కొనరు కదా, రోజూ ఎందుకొస్తారండీ అని అడిగాను బాబూ. ఆ అబ్బాయి గొంతు వినడానికి వస్తానమ్మా, అంది."



షాపాయన ఫోను తీసుకుని, కాగితం ముందుకు లాక్కున్నాడు. ఆవిడ చిరునామా తెలిస్తే చెప్పమని, ఈ పూటే ఉత్తరం రాసి పోస్టులో వేస్తానని అన్నాడు.

"ఉత్తరం ఎందుకు సార్, రేపు పొద్దున్నే నేను ఇంటికెళ్తున్నాను, మా అమ్మకు నేనే చెప్తాను."