పదిహేడో నంబరు గోలీ

"పదిహేడు దొరికింది, రండి!" అని ఫోన్ రాగానే, గడియారాలు బాగుచేసే ఆయన చేతిలో వాచీకి మూతైనా పెట్టకుండా పరుగెత్తాడు.

అది పాత ఆటగాళ్ల కార్డులమ్మే కొట్టు. ఒకప్పుడు బబుల్‌గమ్ పొట్లంలో వచ్చేవి చూడండి, ఆటగాడి ఫొటో ఉన్న అట్టముక్కలు, అవే. ఒకే ఒక్క ఫుట్‌బాల్ మ్యాచ్‌లో తీసిన ఫొటోలతో వేసిన సెట్టు కోసం ఆయన ఏళ్ల తరబడి తిరుగుతున్నాడు. అన్నీ వచ్చాయి, పదిహేడు తప్ప. పోనీ పదిహేడు మహా ఆటగాడా అంటే అదీ కాదు. మ్యాచంతా బెంచీ మీద కూర్చున్న రెండో గోలీ, అదే గోల్‌కీపరు! వాణ్ణెవడు దాచుకుంటాడు? పిల్లలంతా ఎప్పుడో పారేశారు.

ఆయన భూతద్దం కంటికి తగిలించుకుని కార్డు చూశాడు. మొహం పాలిపోయింది.

"అంచులు కోసేశారు."

"ఆల్బమ్‌లో పట్టడానికి ఎవరో కాస్త కత్తిరించారు. గోలీ మొహం చూడండి, నిన్న అచ్చేసినట్టు లేదూ?"

"నాకు మొత్తం ఉన్నది కావాలి."

"ఏం మనిషండీ బాబూ! మీకోసం ఊరంతా జల్లెడ పట్టాను." కొట్టతను విసుక్కుని, ఇంకో పెట్టె ముందుకు తోశాడు. "పోనీ ఇది చూడండి. పాత కుస్తీవీరుల సెట్టు, ఒక్కటీ తగ్గలేదు. అడిగినంతకే ఇస్తాను."

ఆయన పెట్టె వంక కన్నెత్తి చూడలేదు. "సెట్టు కట్టేవాడు గంతలు కట్టిన గుర్రంలా పోవాలని చెప్పింది మీరేగా!"

కొట్టతను పెట్టెని వెనక్కి లాక్కున్నాడు. తన మాటే తనకి తగిలింది మరి.

ఇంటి దగ్గర నాన్న కిటికీ పక్కన కుర్చీలో ఎదురుచూస్తున్నాడు. నాన్నకి ఒక కన్ను ఎప్పుడో పోయింది. రెండోది నూనె అయిపోతున్న దీపం. "చూపించాల్సినవి ఏమన్నా ఉంటే తొందరగా చూపించండి" అని కంటి డాక్టరమ్మ చెప్పేసింది.

ఆ ఇంట్లో పాతకాలం వస్తువంటే ఆ కార్డుల ఆల్బమే, అదీ కొడుకు తర్వాత పోగుచేసిందే. వెనకటి ఇల్లు తగలబడినప్పుడు, పొత్తిళ్లలో ఉన్న పిల్లాణ్ణి గుండెకి హత్తుకుని నాన్న కట్టుబట్టలతో బయటపడ్డాడట. చెంచాల దగ్గర్నుంచి ఫొటోల దాకా మిగతాదంతా బూడిదే.

"దొరికిందిట్రా?"

"దొరుకుతుంది నాన్నా."

"ఆ రోజు ఒకటే వాన. మూడో వరసలో కూర్చున్నాం. ఇద్దరికీ ఒకటే గొడుగు..." నాన్న మొదలుపెట్టాడు. ఈ కథ ఇంట్లో గోడలకి కూడా కంఠతా వచ్చు.

"ఇంతకీ గోల్ ఎవరు కొట్టారు మామయ్యగారూ?" అంది కోడలు, ఆయన్ని నవ్వించాలని.

"ఏమోనమ్మా, ఎవడు చూశాడు!"

ముగ్గురూ నవ్వారు. అంతలో నాన్న గొంతు తగ్గించి, "నిన్న నీ మొహం కనబడిందిరా. ఇవాళ గొంతుని బట్టి పోల్చుకుంటున్నాను" అన్నాడు.

కొడుకు వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. భార్య వెనకే వచ్చింది.

"ఆ కత్తిరించినదే తేవాల్సింది. ఉన్నంత వరకూ చూసేవారు."

"సగం చూపించి ఊరించనా? ఇంకొన్నాళ్లు పోతే మొత్తం తెచ్చినా ఏం లాభమే! నా వల్ల కావడం లేదు."

"అవుతుంది. ఇంత దూరం వచ్చి ఇప్పుడు చతికిలబడతారా?"

మర్నాడు కొట్టతనే ఆయన్ని బస్సు డిపోకి లాక్కెళ్లాడు. అక్కడ ఒక కండక్టరు దగ్గర పదిహేడు ఉందట. ఉంది కూడా. కాకపోతే ఏ కొంటె వెధవో పెన్నుతో గోలీకి మీసాలు దిద్ది, నెత్తిన కొమ్ములు మొలిపించి, రెండు కళ్లూ పొడిచేశాడు.

"ఛీ, ఇదేం కార్డు!" అన్నాడు కొట్టతను.

ఆయన మాత్రం భూతద్దం పెట్టి నాలుగంచులూ చూశాడు. "ఏమిమ్మంటారు?" అన్నాడు.

కండక్టరుకి అవతలివాడి ఆత్రం ఇట్టే తెలిసిపోయింది. ఆయన చంకలో ఉన్న ఆల్బమ్‌ని చూసి, ఎగతాళిగా, "ఆ పుస్తకం మొత్తం ఇచ్చెయ్యండి" అన్నాడు.

ఆయన ఆల్బమ్ తీసి కండక్టరు ఒళ్లో పెట్టేశాడు.

"మతి పోయిందా మీకు?" కొట్టతను నెత్తి బాదుకున్నాడు. "కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, ఈ కొమ్ములవాడి కోసం సెట్టంతా వదులుకుంటారా?"

"అవన్నీ నాన్న చూసేశాడండీ" అని ఆయన అప్పటికే రోడ్డు మీదికి పరుగెత్తాడు.

ఇంటికొచ్చేసరికి కిటికీలో ఇంకా ఎండ ఉంది. భార్య కుర్చీని వెలుతురులోకి జరిపింది. ఆయన తన భూతద్దాన్ని నాన్న కంటికి ఆనించి, కార్డు చేతిలో పెట్టాడు. "గోలీ మొహం పాడైపోయింది నాన్నా" అన్నాడు.

నాన్న కార్డుని కంటికి దగ్గరగా తెచ్చాడు. దూరంగా పెట్టాడు. మళ్లీ దగ్గరగా తెచ్చాడు.

నాన్న బొటనవేలితో గోలీని పూర్తిగా కప్పేసి, వాడి వెనక మూడో వరసలో గొడుగు కింద నవ్వుతున్న ఒకావిణ్ణి చూపించి, "ఇదిగోరా, నువ్వెప్పుడూ చూడని మీ అమ్మ" అన్నాడు.