పసుపు తగ్గించిన ఫోటో

కొత్త కాగితం మీద మొట్టమొదటి ప్రింటు కన్నకొడుకుదే కావాలని స్టూడియో అతను ముచ్చటపడ్డాడు.

నాలుగు రోజుల పసివాడు. మొహం పసుపు పూసినట్టు పచ్చగా వచ్చింది.

"ఛ! కాగితం మారిస్తే చాలు, ఈ ప్రింటరుకు పిచ్చెక్కుతుంది."

ఏ కాగితానికి ఏ రంగు ఎంత వాడాలో ప్రింటరుకు చెప్పే లెక్కను ప్రొఫైల్ అంటారు. కాగితం పెట్టెతో వచ్చిన ప్రొఫైలే తప్పని అతను తేల్చేశాడు.

ఆ వెనకే గుర్తింపు కార్డుకు ఫోటోలు తీయించుకున్న నడివయసు ఆవిడ, కవరు అందుకుంటూ బల్ల మీది ప్రింటు చూసింది.

"ఎవరి బాబు?"

"మావాడేనండి."

"బాగా పచ్చగా ఉన్నాడు. డాక్టరుకు చూపించు బాబూ."

అతను నవ్వాడు. "డాక్టరుకు చూపించాల్సింది ప్రింటర్నండీ. కొత్త కాగితం, ఇంకా రంగులు కుదరలేదు."

"మరి నా ఫోటో? అదే కాగితం మీదేగా తీశావు, బానే వచ్చిందే?"

"మీ ఒంటిరంగుకు తేడా తెలీదులెండి."

ఆవిడ చిన్నబుచ్చుకోలేదు. "పాలు బాగా తాగుతున్నాడా?"

"తాగడానికి లేస్తేగా! మా ఆవిడ అదృష్టం, ఏడుపన్నదే లేదు."

"పగటి వెలుగులో ఒక్కసారి వాడి కళ్ళు చూడు. నీకు పుణ్యముంటుంది."

"అలాగేలెండి," అని సాగనంపాడు. ఊరికే సలహాలిచ్చే జనానికి లోటేముంది!

ఆ సాయంత్రమంతా కూర్చుని పసుపు తగ్గించాడు, నీలం పెంచాడు. పదకొండో ప్రింటుకు బాబు మొహం గులాబీరంగుకు తిరిగింది. ఆ లెక్కనే కొత్త ప్రొఫైలుగా దాచుకుని, ఫోటో ఇంటికి పట్టుకెళ్ళాడు.

"ఒళ్ళో ఉన్నవాడికన్నా ఫోటోలో వాడే బాగున్నాడు," అని మురిసిపోయింది భార్య. "వీడిదంతా మా అమ్మ ఛాయ. బంగారు రంగు."

రెండు రోజులకు, ఆ కొత్త లెక్కతో ఫోటోలు తీయించుకున్నవాళ్ళు ఒక్కొక్కరే వాటిని పట్టుకుని తిరిగొచ్చారు.

"ఏమయ్యా, నన్ను చలికి బిగుసుకుపోయినవాణ్ణి చేశావేం?"

"మా అమ్మాయి మొహం నీలంగా ఉంది. ఇది ఎవరికి చూపించను?"

దిక్కుతోచక, పని నేర్పిన గురువుకు ఫోన్ చేశాడు.

"రంగులు దేంతో సరిచూశావురా?"

"మావాడి ఫోటోతో, గురువుగారూ."

"నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మనిషి మొహంతో ఎవడైనా సరిచూస్తాడా? పెట్టెతో వచ్చిన ప్రొఫైలే పెట్టు. బూడిదరంగు అట్టను ఫోటో తీసి, ప్రింటును ఆ అట్ట పక్కన పెట్టి చూసుకో."

అలాగే చేశాడు. అట్టకూ ప్రింటుకూ వెంట్రుకవాసి తేడా లేదు.

అదే లెక్కతో బాబు ఫోటో మళ్ళీ ప్రింటు తీశాడు.

పచ్చగా వచ్చింది.

ప్రింటరు మొదటి నుంచీ నిజమే చెప్పింది.

వెంటనే ఇంటికి ఫోన్ చేశాడు. ఎత్తేసరికే భార్య ఏడుస్తోంది. "పొద్దుట్నుంచి ఎంత లేపినా కళ్ళు తెరవట్లేదండీ..."

ఆసుపత్రిలో మూడో రోజున డాక్టరు బయటికొచ్చాడు.

"కామెర్లు మెదడుదాకా వెళ్ళాయి. ప్రాణం దక్కింది. వినికిడి మీద మాత్రం ఆశ పెట్టుకోకండి. ఇంకో రెండు రోజుల ముందు తెచ్చుంటే..."

అతను గోడకు జారగిలబడ్డాడు. చేతులారా చేసుకున్న పాపం. ఎవరి మీద అరవాలో కూడా తెలియలేదు.

అంతలో ఉతికిన దుప్పట్లు మోసుకుంటూ, ఆరోజు స్టూడియోకొచ్చిన ఆవిడ వచ్చింది. అతన్ని గుర్తుపట్టింది. దుప్పట్లు చంకలోకి మార్చుకుని దగ్గరకొచ్చింది. అదే అతను తట్టుకోలేకపోయాడు.

"మీరు నర్సని ఆరోజే చెప్పుంటే వినేవాణ్ణమ్మా!" అని బావురుమన్నాడు.

ఆవిడ అతని భుజం తట్టి, లోపలికి వెళ్ళిపోయింది.

వార్డు ముందు కూర్చున్న కాపలా మనిషి మెల్లిగా చెప్పాడు: ఆవిడ నర్సు కాదట, తన పాప ఒళ్ళు పచ్చగా ఉంటే కిటికీ తెర రంగు పడుతోందిలే అని నాలుగు రోజులు ఊరుకుని, ఆ పాప పోయిన ఈ వార్డులోనే పదేళ్ళుగా దుప్పట్లు మారుస్తున్న తల్లి అట.