సంత రోజు దారి

తడాలా మొక్కజొన్న గింజలు గోనెలో పోస్తోంది. తల్లి నాఫిరి గడప లోపల చాప మీద కూర్చుని చూస్తోంది.

"ఇంకో నాలుగు దోసిళ్ళు పొయ్యి. అది నిండు చూలాలు" అంది నాఫిరి.

తడాలా పోసింది. అక్క ఎలుబే పోయి నలభై రోజులు. ఆమె బరువు మాత్రం మంగళవారం మంగళవారం ఇలా మళ్ళీ గోనెలోకి వస్తోంది.

బావ లింబికాని వాకిట్లో ఆగాడు. అల్లుడు అత్తగారి ముఖం చూడకూడదు. తల వంచుకునే గోనె ఎత్తి, సైకిలు వెనక పెట్టి, రబ్బరు పట్టీలతో బిగించాడు. రేడియోలో ఉదయం ఆరు గంటల వార్తలు మొదలవగానే బయల్దేరాలి.

ఎలుబేకి నొప్పులు వచ్చింది ఒక మంగళవారమే. లింబికాని ఆమెను సైకిలు మీద కూర్చోబెట్టుకుని తారు రోడ్డున వెళ్ళాడు. సంత రోజు. రాజధాని లిలోంగ్వే వెళ్ళే లారీలు, రోడ్డు మధ్యలో ఆగిపోయే మినీబస్సులు. సైకిలు వాళ్ళకి మిగిలింది కొరికేసినట్టున్న తారు అంచు. మనిషి నడిచినంత మెల్లగా సాగింది ప్రయాణం. ఆసుపత్రి గేటు దగ్గర దించేసరికి తల్లీ లేదు, కడుపులో బిడ్డా లేదు.

ఇంకో దారి ఉంది. చిత్తడి నేల మీదుగా, దుంగల వంతెన దాటి. బురదా, గతుకులూ, లారీలు మాత్రం ఉండవు. ఆ దారిన వెళ్ళుంటే?

మేనమామ చిసాలే తీర్పు చెప్పాడు. "మూడు సంతలు చూద్దాం. అంతే బరువుతో రెండు దారులూ తొక్కు. తారు రోడ్డే త్వరగా చేరిస్తే నీ తప్పు లేదు, ఇక్కడే ఉండు. లేదంటే చాప చుట్టుకుని మీ ఊరికి నడు. నీ కూతురు మడలో మా పిల్ల, మా దగ్గరే ఉంటుంది."

మడలోకి మూడేళ్ళు. తండ్రి వీపు మీద తప్ప నిద్రపోదు.

మొదటి మంగళవారం తారు రోడ్డు: యాభై రెండు నిమిషాలు. రెండోది చిత్తడి దారి: గంట. రెండుసార్లూ గేటు కాపలాదారు చీటీ రాసిచ్చాడు. లింబికాని తిరిగి వచ్చేదాకా నాఫిరి పచ్చి మంచినీళ్ళు ముట్టదు. "ఎంతైంది?" అన్నదే మొదటి మాట. గంట అని విన్న రోజున ఆమె రెండు ముద్దలు తింది.

ఇవాళ మళ్ళీ చిత్తడి దారి. మధ్యాహ్నం చిసాలే వస్తాడు.

గోనె కట్టగానే తడాలా మొదటి మినీబస్సెక్కింది, తల్లి రక్తపోటు మాత్రల కోసం. ఆసుపత్రి ఆవరణలో వరసలో నిలబడి ఉండగా గోడ గడియారం ఆరూ ముప్పై అయిదు చూపించింది. అప్పుడే కంచె అవతల లింబికాని కనిపించాడు. మోకాళ్ళ దాకా బురద. ఒగరుస్తున్నాడు. గేటు పాతికడుగుల దూరం కూడా లేదు. అతను రాలేదు. చెరుకు బడ్డీ పక్కన సైకిలు ఆనించి కూర్చున్నాడు.

"ఏం అల్లుడూ, మూటకి నొప్పులొచ్చాయా? లోపలికి తీసుకుపోవేం?" అని నవ్వింది చెరుకులమ్మే ఆవిడ.

లింబికాని నవ్వలేదు. ఏడు గంటలకి లేచి, సైకిలు నడిపించుకుంటూ వచ్చి గేటు దగ్గర చీటీ రాయించుకున్నాడు.

తడాలా ఎదురెళ్ళింది. "ముప్పై అయిదు నిమిషాలు బావా. నా కళ్ళతో చూశాను."

అతని ముఖం పాలిపోయింది. "అమ్మకి చెప్పకు."

"చెప్పకుండా ఎలా ఉంటాను? పోయింది మా అక్క. పోయిన వారమూ ఇక్కడే కూర్చున్నావా?"

అతను చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"ఇల్లు పోతుందని భయం. అంతేగా?"

"నన్నెన్నయినా అను తడాలా. ఊరంతా చాటు. అమ్మ చెవిన మాత్రం పడనీయకు."

"అమ్మే కదా వారం వారం ఆ లెక్క కోసం కాచుక్కూచునేది!"

మధ్యాహ్నం చిసాలే చీటీ చదివాడు. "మళ్ళీ గంటే. అయితే తారు రోడ్డే నయం. ఎవరి తప్పూ లేదు."

నాఫిరి కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలింది. పళ్ళెం దగ్గరికి లాక్కుంది. ముద్ద కలుపుతుండగా తడాలా నోరు విప్పింది. గడియారం, చెరుకు బడ్డీ, ముప్పై అయిదు నిమిషాలు, అన్నీ చెప్పేసింది.

నాఫిరి చెయ్యి పళ్ళెంలోనే ఆగిపోయింది.

"నిజమేనా?" అన్నాడు చిసాలే.

వాకిట్లో లింబికాని తల ఊపాడు.

"కడుపుతో ఉన్న పిల్లని ఆ లారీల మధ్యకి ఎందుకు తీసుకుపోయావురా?"

"నాకు తోచింది మామా. నేనే పోయాను."

"అయితే చాప చుట్టుకో."

లింబికాని తన గుడిసెలోకి వెళ్ళాడు. చాప చుట్టి చంకన పెట్టుకున్నాడు. ఆడుకుంటున్న మడలో తల నిమిరాడు. గడప దాటి వెళ్ళిపోయాడు.

చిసాలే కూడా టోపీ తీసుకుని లేచాడు. తడాలా తల్లి పక్కన కూర్చుంది. "తినమ్మా. మోసం బయటపడింది, మంచిదేగా. నేనా రోజు ఊళ్ళో ఉండి ఉంటే వాణ్ణి ఆ దారిన పోనిచ్చేదాన్నా?"

నాఫిరి కూతురి వైపు చూడలేదు.

"తారు రోడ్డున పొమ్మన్నది నేనే."